కట్టెకు దాహం వేరు, దారి వేరు

పోయిన నెల దర్వాజల గురించి రెండు ముక్కలు రాశాను. దాంతో ఈసారి ఉత్తరాల కట్ట లావుగా వచ్చింది. చాలామంది ఒకటే అడిగారు, కట్టెను వేడి చేస్తే అందులోకి నీళ్లు పోవా అని. గులాబీ తెగుళ్లు, కరివేపాకు మొక్క ఎదగకపోవడం వగైరా వచ్చే నెల చూద్దాం. ఈ నెల అంతా కట్టె ముచ్చటే.

*ప్రశ్న: మేడమ్, హనుమకొండలో ఇల్లు కట్టుకుంటున్నాం. ముందు గోడకు చెక్క పలకలు బిగించాలని మా అబ్బాయి పట్టు. షాపులో ముదురు గోధుమరంగు పైన్ పలకలు చూపించారు. "ఇది హీట్ ట్రీట్‌మెంట్ చేసిన కట్టె. 200 డిగ్రీల దాకా వేడి చేశారు. రంధ్రాలన్నీ మూసుకుపోయాయి. చుక్క నీరు పీల్చదు, చెద పట్టదు" అన్నారు. ధర చూస్తే టేకుకు దగ్గర్లో ఉంది. నమ్మొచ్చా?*
— ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: షాపాయన చెప్పిన నాలుగు మాటల్లో ఒకటి నిజం, ఒకటి సగం నిజం, రెండు తప్పు.

200 డిగ్రీల మాట నిజమే. పలకల్ని మూసిన గదిలో పేర్చి, ఆవిరి నింపి, మెల్లమెల్లగా వేడి పెంచుతారు. ముందు 130 డిగ్రీల దాకా తీసుకెళ్లి ఉన్న తడినంతా లాగేస్తారు. తర్వాత 185 నుంచి 215 డిగ్రీల మధ్య రెండు మూడు గంటలు ఉంచుతారు. చివర్లో నీళ్లు చిలకరిస్తూ చల్లార్చి, నాలుగు నుంచి ఏడు శాతం తేమ మళ్లీ పట్టనిస్తారు. గాలి ఆడితే ఆ వేడికి కట్టె అంటుకునే ప్రమాదం ఉంది, అందుకే ఆవిరి. 1990లలో ఫిన్లాండ్ వాళ్లు దీన్ని ఫ్యాక్టరీ పద్ధతిగా మార్చారు. అంతకు చాలా ముందే, 1946 నాటికే, అమెరికాలో స్టామ్ అనే శాస్త్రవేత్తా ఆయన తోటివాళ్లూ గాలి తగలకుండా కట్టెను కరిగిన లోహంలో ముంచి వేడి చేసి చూశారు. ఆ లోహం తొట్టి పక్కన నిలబడ్డవాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి. మొత్తానికి ఇది నిప్పుల మీద కాల్చడం కాదు, దమ్ పెట్టడం.

ఇక రంధ్రాల సంగతి. ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి.

మా బాపు పరకాల దగ్గర మా ఊళ్లో వడ్ల పని చేసేవాడు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మామిడి ముక్క ఒకటి, టేకు చేవ ముక్క ఒకటి వేలెడు పొడవున కోసిచ్చాడు. ఒక చివర సబ్బు నురగ పూసి, రెండో చివర నోరు పెట్టి ఊదమన్నాడు. మామిడి ముక్క చివర బుడగలు లేచాయి. టేకు ముక్కను ఎంత ఊదినా నా బుగ్గలు నొప్పి పుట్టాయే గాని ఒక్క బుడగ రాలేదు. ఊదేదీ ఊదనిదీ తెలిస్తే చాలు, ఏది దేనికి పనికొస్తుందో తెలిసిపోతుంది అనేవాడు. డిగ్రీలో చేరాక దీన్నే పారగమ్యత అంటారని తెలిసింది. తర్వాత ముప్పై ఏళ్లు బోటనీ పాఠంలో ఆ మాట బోర్డు మీద రాశాను గాని, రాసిన ప్రతిసారీ నాకు ఆ టేకు ముక్కే గుర్తొచ్చేది.

ఒక లెక్క చూడండి. ఎండిన టేకు ఘనమీటరుకు సుమారు 650 కిలోలు తూగుతుంది. ఖాళీ లేకుండా కేవలం కణాల గోడ పదార్థాన్నే కుదించి తూచగలిగితే ఘనమీటరుకు 1500 కిలోలు ఉంటుంది. అంటే టేకు ముక్కలో సగానికి పైగా ఖాళీయే. అంత ఖాళీ ఉండీ నా ఊపిరి అటు నుంచి ఇటు పోలేదు. ఒక ఖాళీకీ ఇంకో ఖాళీకీ మధ్య దారి లేదు కాబట్టి.

మన జిల్లా వాళ్లకు ఇది చెప్పడం తేలిక. కాకతీయుల కాలం నుంచి మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది. తూము తెరిస్తే కాలువ పారుతుంది. కట్టె కూడా లక్షల చిన్న చెరువుల గొలుసే. పైన్ కట్టెలో ఒక్కో కణం మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవున్న సన్నటి గొట్టం, రెండు చివర్లా మూసే ఉంటుంది. పక్క కణంలోకి నీరు పోవాలంటే గోడలోని తూముల గుండానే పోవాలి. పుస్తకాల్లో వీటిని గర్తాలు అంటారు. ఒక్కో తూము మధ్యలో సన్నని దారాల వల, ఆ వల నడుమ ఒక బిళ్ల. చెట్టు పచ్చిగా ఉన్నన్నాళ్లు బిళ్ల నడిమధ్య నిలబడి ఉంటుంది, దారాల సందుల్లోంచి నీరు పారుతుంది. చెట్టు కొట్టి ఆరబెట్టగానే, వెనక్కి పోయే నీరు ఆ బిళ్లను ఒక పక్కకు గుంజుకుపోయి తూము నోటికి అతికిస్తుంది. నీరటి వచ్చి బిరడా కొట్టి పోయినట్టే. ఎండాక అది మళ్లీ అంత తేలిగ్గా ఊడిరాదు.

చూశారుగా, మూసుకుపోయేది మామూలుగా ఆరబెట్టినప్పుడే. దానికి 200 డిగ్రీలు అక్కర్లేదు.

టేకు కథ వేరు. టేకు, మామిడి, వేపలాంటి చెట్లలో నీళ్లు పోవడానికి దారునాళాలని పొడవాటి పైపులు ఉంటాయి. టేకులో బెరడు వైపుండే తెల్ల చెక్క నడిమి గట్టి చేవగా మారేటప్పుడు, పక్కనున్న బతికున్న కణాలు పైపుల్లోకి బుడగల్లా ఉబ్బి అడ్డం పడతాయి. వీటి పేరు టైలోసులు. పైగా చేవలో నూనెలాంటి పదార్థాలు నిండి ఉంటాయి. నేను ఊదినప్పుడు అడ్డుకున్నది ఇవే. మామిడిలో ఈ అడ్డం అంతగా ఉండదు.

మరి 200 డిగ్రీల వేడి ఈ తూములను ఏం చేస్తుంది? ఎదురెదురుగా రెండు పనులు చేస్తుంది. ఒక పక్క వేడికి వలలు, పలుచని పొరలు పెళుసెక్కి చిరుగుతాయి. పలకలో అడ్డంగా పోయే దవ్వరేఖల కణాలు పలుచనివి కాబట్టి అవి ముందు దెబ్బతింటాయి. గోడల్లో కంటికి కనపడని బీటలు పడతాయి. దాంతో దారి పెరుగుతుంది. ఇంకో పక్క కట్టెలోని జిగురు, రెసిన్ కరిగి కదిలి తూముల దగ్గర పేరుకుంటాయి. దాంతో దారి తగ్గుతుంది. ఏది గెలుస్తుందో కట్టె జాతిని బట్టి, ఎంత వేడి పెట్టారన్నదాన్ని బట్టి, చేవా తెల్ల చెక్కా అన్నదాన్ని బట్టి మారుతుంది. వేడి పెట్టేనాటికి కట్టె పచ్చిగా ఉందా ఎండి ఉందా అన్నది కూడా లెక్కే. పచ్చి కట్టెను 100 డిగ్రీల ఆవిరిలో కొన్ని గంటలు ఉంచితే తూముల మీది పూత కొంత కరిగిపోయి దారి తెరుచుకుంటుంది, ఆ తర్వాత త్వరగా ఆరుతుంది కూడా. బిరడా పడిపోయిన ఎండు కట్టెకు అదే వేడి పెడితే అంత ఫలితం రాదు.

యూరప్ చెట్లలో స్ప్రూస్‌ను వేడి చేస్తే నీళ్లు పీల్చడం తగ్గుతుంది. పైన్ చేవ కూడా అంతే. పైన్ తెల్ల చెక్క మాత్రం తిరగబడుతుంది. 170 నుంచి 210 డిగ్రీల మధ్య వేడి చేసిన పైన్ తెల్ల చెక్కను నీళ్లలో పెడితే, మామూలుగా ఆరబెట్టినదాని కన్నా ఎక్కువే తాగుతుంది. 230 డిగ్రీల దాకా పోతే గాని తగ్గదు. మీకు చూపించినది పైనే కాబట్టి ఈ సంగతి ముఖ్యం. షాపాయన "రంధ్రాలన్నీ మూసుకుపోయాయి" అన్నది తప్పని అందుకే అంటున్నాను.

సగం నిజం ఏదంటే, "చుక్క నీరు పీల్చదు" అన్నది. కట్టెకు రెండు రకాలుగా నీరు చేరుతుంది. ఒకటి, చెరువులోకి చేరినట్టు కణాల ఖాళీల్లోకి దారి గుండా వచ్చే నీరు. ఇంకోటి, గాలిలోని తేమను కణాల గోడలే లాక్కోవడం. అది కట్టె దాహం. గోడల్లో హెమీసెల్యులోజ్ అనే పదార్థం ఉంటుంది, నీటిని పట్టే కొక్కేలు దానికే ఎక్కువ. 160 డిగ్రీలు దాటాక ముందుగా విరిగేది కూడా అదే. విరిగేటప్పుడు వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం పుడుతుంది. మీరు షాపులో పలక ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి, పొగతో కలిసిన పుల్లటి వాసన వస్తుంది. కొక్కేలు పోయాయి కాబట్టి గాలి నుంచి తీసుకునే తేమ మామూలు కట్టెతో పోలిస్తే 40 నుంచి 50 శాతం తగ్గుతుంది.

ఇది చిన్న లాభం కాదు. మన వరంగల్ ఎండల్లో, మే నెలలో మామూలు కట్టెలో ఐదారు శాతం తేమ మిగులుతుంది. ఆగస్టు ముసురులో అది 15 శాతం దాటుతుంది. ఈ పదిశాతం ఊగులాటకే పలకలు వంగుతాయి, అతుకులు విచ్చుకుంటాయి, తలుపులు పట్టేస్తాయి. వేడి చేసిన కట్టెకు ఆ ఊగులాట దాదాపు సగమే.

కాని అది ఆవిరి రూపంలో ఉన్న తేమ విషయం. వాన నీరు పలక కోత చివరకు నేరుగా తగిలితే, గోడలకు దాహం లేకపోయినా దారి గుండా లోపలికి పోయి ఖాళీల్లో నిలుస్తుంది. పోగు వెంట పోయే దారి అడ్డంగా పోయే దారి కన్నా వేల రెట్లు సులువు. అందుకే ప్రమాదమంతా కోత చివర్లలోనే. దుంగల చివర్లకు మా బాపు పేడ పూసేది కూడా ఇందుకే, చివర్ల నుంచి తడి తొందరగా పోయి పగుళ్లు రాకూడదని.

చెద మాట పూర్తిగా తప్పు. వేడి చేసిన కట్టెకు బూజు, పుచ్చిపోవడం తగ్గుతాయి గాని చెదలు దాన్ని వదలవు. ఫిన్లాండ్‌లో చెదలే లేవు, కాబట్టి ఆ బాధ వాళ్లకు లేదు. నాకు మాత్రం స్వానుభవం ఉంది. హైదరాబాద్‌లో ఒక దుకాణంలో ఇదే మాట నమ్మి, పెరట్లోకి ఇలాంటి పలకల బల్ల చేయించుకున్నాను. కాళ్లు తడి మట్టిలో దిగి ఉన్నాయి. రెండో వానాకాలం తర్వాత ఒక కాలు మీద చేయి వేస్తే పిండిలా రాలింది. లోపల మట్టి సొరంగాలు! ఆ దుకాణానికి ఫోన్ చేస్తే "నేలకు తాకించకూడదమ్మా" అన్నారు. కొనేటప్పుడు ఆ మాట చెప్పలేదు.

మీ విషయానికొస్తే, పలకలు బిగించేది గోడకు, నేలకు కనీసం అడుగు ఎత్తున, పైన చూరు నీడ ఉంటే కొనొచ్చు. కోసిన ప్రతి చివరకూ నూనె గాని సీలర్ గాని రెండు పూతలు పడాలి. స్క్రూకు ముందు డ్రిల్‌తో రంధ్రం వేయించండి, ఈ కట్టె పెళుసు, అంచు దగ్గర చీలిపోతుంది. ఇనుప మేకులు వద్దు, ఆ పులుపుకు తుప్పు పడతాయి. తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు వాడండి. ఇంకో మాట, ఆ అందమైన గోధుమరంగు ఎండకు నిలవదు. పూత వేయకుండా వదిలేస్తే బూడిద రంగుకు తిరుగుతుంది. మీ అబ్బాయికి ఇది ముందే చెప్పండి.

టేకు ధర పెట్టి దీన్ని కొనాలా అంటే, ఏటూరునాగారం వైపు ముదురు టేకు చేవ దొరికితే నేను అదే కొంటాను. కాని ఇప్పుడు టేకు అని అమ్మేదాంట్లో లేత చెట్ల తెల్ల చెక్క చాలా ఉంటోంది. దానికి టైలోసుల రక్షణ ఉండదు, టేకు అన్న పేరు తప్ప.

కొనే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. షాపులో చిన్న ముక్క అడిగి తెచ్చుకోండి. వంటింటి కాటా మీద తూచి, అంగుళం సిరా నీళ్లున్న గ్లాసులో పోగు నిలువుగా ఉండేలా రాత్రంతా నిలబెట్టండి. పొద్దున తుడిచి తూచండి. తర్వాత కత్తి పెట్టి పొడవునా చీల్చి, సిరా ఎంత ఎత్తు ఎక్కిందో చూడండి. పలక ముఖం మీద నీటి చుక్క వేస్తే ముత్యంలా నిలబడుతుంది, షాపులో చూపించేది అదే. ఆ చుక్కను చూసి మోసపోవద్దు. గ్లాసులో ముక్క ఏం చెబుతుందో చూడండి.

*ప్రశ్న: అమ్మా, నేను వడ్ల పని చేస్తాను. హీట్ చేసిన యాష్ అనే విదేశీ చెట్టు చెక్కతో టేబుల్ టాప్ చేయమని ఒకరు పని ఇచ్చారు. ఎప్పటిలాగే తెల్ల గమ్ పెట్టి, క్లాంపులు బిగించి, రెండు గంటలకు విప్పాను. అతుకులు ఊడిపోయాయి. రంద పడితే చిత్రిక పొట్టు రాకుండా పొడి రాలుతోంది. కట్టె చెడిపోయిందా, నా చేయి చెడిపోయిందా?*
— ఒక మేస్త్రి, జమ్మికుంట

జవాబు: మేస్త్రి గారూ, మీ చేతికి ఏం కాలేదు. తెల్ల గమ్‌లో సగం నీళ్లే. ఆ నీళ్లను కట్టె తాగేస్తే గమ్ బిగుస్తుంది. టేకు, మామిడి, రబ్బరు చెక్కలతో పని చేసి చేసి, అవి ఎంతసేపట్లో తాగుతాయో మీ చేతికి లెక్క వచ్చేసింది. ఈ కట్టెకు దాహం చంపేశారు. గమ్ పైనే తడిగా నిలిచి ఉంటుంది. కాబట్టి పలుచగా పూయండి, క్లాంపులు రాత్రంతా ఉంచండి. మరీ బిగించకండి, ఈ కట్టె అంచులు నలుగుతాయి. తొందర పనైతే నీళ్లతో పని లేని ఎపాక్సీ గాని, పాలీయురేథేన్ గమ్ గాని వాడండి. ఖర్చు ఎక్కువ, ఆ మాట పని ఇచ్చినవాళ్లకు ముందే చెప్పండి. మీరే ఎందుకు భరించాలి?

పాలిష్ కూడా ఇంతే. నీళ్లతో కలిపే పాలిష్ మెల్లగా పడుతుంది, నూనె పాలిష్ బాగానే దిగుతుంది. పొడి రాలడం ఈ కట్టె గుణం, కణాల గోడలను పట్టి ఉంచే కట్లు తెగిపోయాక పొడవాటి చిత్రిక పొట్టు రాదు. రంద బ్లేడు బాగా నూరుకుని పలుచగా పట్టండి. ఆ పొడి మామూలు రంపం పొట్టు కన్నా చాలా మెత్తన, మాస్కు లేకుండా మాత్రం చేయొద్దు. మా బాపు చివరి పదేళ్లు దగ్గుతూనే బతికాడు.

*ప్రశ్న: మేడమ్, పాకాల ఆయకట్టు కింద మాకు నాలుగెకరాలు. చుట్టూ కంచెకు జామాయిల్ గుంజలు పాతాలి. మా తాత దుంగల్ని చెరువులో ఆరునెలలు ముంచి తీసేవాడట. గుంజల అడుగు భాగం మంటలో కాల్చి పాతేవాడట. ఇప్పుడు ఈ రెంటిలో ఏది చేయమంటారు?*
— ఒక రైతు, ఖానాపురం మండలం

జవాబు: అన్నా, మీ తాతగారి మొదటి పనిలో చాలా తెలివి ఉంది, రెండోదాంట్లో కొంచెమే.

దుంగను చెరువులో ముంచితే రెండు జరుగుతాయి. తెల్ల చెక్కలోని పిండి పదార్థం, చక్కెర నీళ్లలో కరిగి, పులిసి పోతాయి. పుచ్చు పురుగు వచ్చేదే ఆ పిండి కోసం, అది లేకపోతే అంతగా రాదు. వెదురును నీళ్లలో నానబెట్టేది కూడా ఇందుకే. రెండోది కంటికి కనపడదు. నీళ్లలోని బ్యాక్టీరియా తూముల్లోని పలుచని పొరలను తినేస్తాయి. పైన్‌లాంటి కట్టెలోనైతే పైన చెప్పిన బిళ్ల, వల పోయి తూము బార్లా తెరుచుకుంటుంది. వేడి చేసినా ఇంత బాగా తెరుచుకోదు. చేవలో మాత్రం పెద్ద మార్పు రాదు. దీంతో ఒక మంచి, ఒక చెడు. పుచ్చు, పురుగు పట్టకుండా మందు పెడితే లోతుగా దిగుతుంది. మందు పెట్టకుండా వదిలేస్తే వాన నీరు కూడా అంతే లోతుగా దిగుతుంది. మీ తాత ఆ దుంగలను ఇంటి వాసాలకు, దూలాలకు వాడి ఉంటారు, అక్కడ వాన పడదు కాబట్టి నడిచింది. కంచెకు మందు లేకుండా అది సరిపోదు.

అడుగు కాల్చడం పైపై పనే. బొగ్గును పురుగు తినదు, బూజు పట్టదు, నిజమే. కాని ఆ బొగ్గు పొర పలుచన, పైగా కాలేటప్పుడు నెర్రెలిస్తుంది. ఆ నెర్రెల్లోంచి తడి లోపలి కట్టెను చేరుతుంది. లోపలి కట్టె ఎప్పటిదే. నేల మట్టం దగ్గర, తడీ గాలీ రెండూ ఉండేచోట, గుంజ ముందుగా పుచ్చేది అందుకే.

వేడిని సరిగ్గా వాడుకునే పద్ధతి ఒకటి ఉంది. బాగా ఆరిన గుంజలను క్రియోసోట్ అనే తారు నూనె మందు నింపిన డ్రమ్ములో నిలబెట్టి, డ్రమ్మును 90 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు వేడిగా ఉంచుతారు. గుంజలోని గాలి వ్యాకోచించి బుడగలుగా బయటికి పోతుంది. తర్వాత మంట తీసి అందులోనే చల్లారనిస్తారు. లోపల మిగిలిన గాలి ముడుచుకున్నప్పుడు మందును గుంజుకుంటుంది. వేడి ఇక్కడ కట్టెను మార్చదు, పంపులా పని చేస్తుంది. కాని క్రియోసోట్ చర్మానికి, ఊపిరితిత్తులకు మంచిది కాదు, మంట దగ్గర అంటుకుంటుంది కూడా. ఇంటి దగ్గర సొంతంగా చేయమని నేను చెప్పను. మందు పట్టించి అమ్మే గుంజలే కొనుక్కోండి.

కొనేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. తలుపుకైతే తెల్ల చెక్క తీసేసి చేవ కావాలంటాం. మందు పట్టించిన గుంజకు దీనికి ఉల్టా. జామాయిల్ చేవలోకి మందు దిగదు, చుట్టూ ఉన్న తెల్ల చెక్కలోకే దిగుతుంది. కాబట్టి చెక్కి చతురస్రం చేసినవి కాకుండా, బెరడు మాత్రం తీసిన గుండ్రటి గుంజలు తీసుకోండి. మందు పట్టించాక పొలంలో మళ్లీ చెక్కొద్దు. బోరాక్స్ మందు ఇంటి లోపలి కట్టెకు బాగుంటుంది, మట్టిలో పాతితే వానకు కడుక్కుపోతుంది.

మందుల ముచ్చట వచ్చింది కాబట్టి ఒక పేరు చెప్పాలి. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన కట్టె మందు ప్రపంచమంతా దశాబ్దాల పాటు కరెంటు స్తంభాలకు, కంచెలకు వాడారు. దాన్ని 1933లో కనిపెట్టింది డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పని చేసిన సొంటి కామేశం. ఇంటిపేరు వింటేనే మనవాడని తెలుస్తుంది. రాగి, ఆర్సెనిక్ వానకు కడుక్కుపోకుండా క్రోమియం వాటిని కట్టెకు పట్టి ఉంచుతుంది, ఆయన తెలివంతా అక్కడ ఉంది. ఆర్సెనిక్ భయం వల్ల 2003 చివరికి అమెరికాలో ఇళ్ల వాడకం నుంచి దాన్ని తీసేశారు. ఆకుపచ్చ ఛాయ ఉన్న పాత గుంజ ముక్కలు మీ దగ్గరుంటే పొయ్యిలో మాత్రం పెట్టొద్దు. ఆ పొగ విషం, బూడిద కూడా విషమే. కామేశం గారి మందైనా దారి ఉన్నచోటికే పోతుంది. మన దేశపు ప్రమాణాల్లో మందు పట్టే తీరును బట్టి కట్టెలను ఐదు తరగతులుగా విడదీశారు. మామిడి మొదటి తరగతి, టేకు చేవ చిట్టచివరిది. మా బాపు సబ్బు నురగతో చెప్పిన పాఠమూ ఇదే.

*ప్రశ్న: మేడమ్, నేను ఇంటర్ చదువుతున్నాను. ఫ్యాక్టరీ సామాను వచ్చే చెక్క ప్యాలెట్లు తెచ్చి మా అన్నయ్య పుస్తకాల స్టాండ్ చేశాడు. వాటి మీద 'హెచ్‌టీ' అని ముద్ర ఉంది. హీట్ ట్రీట్‌మెంట్ అంటే మీరు చెప్పే వేడి ఇదేనా?*
— ఒక విద్యార్థిని, జనగామ

జవాబు: కాదు బిడ్డా. పేరొకటే, పని వేరు. దేశాలు దాటే ప్యాకింగ్ చెక్కతో పాటు పురుగులు దాటకూడదని 2002లో ఒక అంతర్జాతీయ నియమం వచ్చింది. చెక్క నడిమధ్య భాగం 56 డిగ్రీలకు చేరి, ఆ వేడి ఆపకుండా 30 నిమిషాలు ఉంటే ఆ ముద్ర వేస్తారు. పురుగు, గుడ్డు చావడానికి అది చాలు. 56 డిగ్రీలకు హెమీసెల్యులోజ్ కదలదు, తూములు చిరగవు. దాహమూ దారీ ఎప్పట్లాగే ఉంటాయి. ఆ తర్వాత కొత్త పురుగు వస్తే ఆపే శక్తి కూడా దానికి లేదు. స్టాండ్‌ను గోడ చెమ్మకు దూరంగా పెట్టుకో. 'ఎంబీ' అని ముద్ర ఉన్న ప్యాలెట్ దొరికితే మాత్రం ఇంట్లోకి తేవద్దని అన్నయ్యకు చెప్పు. అది మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పెట్టినది.

*ప్రశ్న: వానాకాలంలో మా దర్వాజ పట్టేస్తోంది. తలుపు ఊడదీసి ఎండలో పెట్టినా, రూమ్ హీటర్ ముందు పెట్టినా ఆ గుణం శాశ్వతంగా పోతుందా?*
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పోదు. ఎండ వేడి, హీటర్ వేడి కట్టెలో తడిని మాత్రమే తీస్తాయి, దాహాన్ని తీయవు. వారం ముసురు పడితే మళ్లీ అంతే తాగుతుంది. పైగా హీటర్‌కు ఒక వైపే చూపిస్తే తలుపు వంగుతుంది.

ఆగస్టులో రంద పట్టించకండి. ఇప్పుడు చెక్కేస్తే మే నెలలో సందులోంచి బల్లి దూరుతుంది. దీపావళి దాటేదాకా ఆగి, అప్పటికీ పట్టేస్తే రవ్వంత తీయించండి. అంతకన్నా ముందు తలుపు పై అంచు, కింది అంచు చూడండి. నిలువు చెక్కల కోత చివర్లు తేలేది అక్కడే, రంగు వేసేవాళ్లు వదిలేసేదీ అక్కడే. తలుపు ఊడదీయకుండా చూడాలంటే కింద నేల మీద చిన్న అద్దం జరిపి టార్చ్ కొట్టండి. మా ఇంట్లో పదకొండేళ్లు ప్రతి శ్రావణంలోనూ తలుపును తిట్టుకున్నాక, అద్దం పెట్టి చూస్తే అడుగున ఒక్క పూత కూడా లేదు.